విన్న హెచ్చరికలన్నీ పంచవచ్చా?

సామర్లకోట జంక్షన్‌లో రైలెక్కి హైదరాబాదుకో, చెన్నైకో చేరి, అక్కడి నుండి విమానంలో కువైట్, సౌదీ, దుబాయి వెళ్ళినవారు మన గోదావరి జిల్లాల్లో తక్కువేమీ కాదు. వారి ఇళ్ళల్లో మిస్డ్ కాల్‌కు ఉన్న విలువ ఇతరులకు అంత సులభంగా అర్థం కాదు. పరదేశానికి మాట్లాడాలంటే నిమిషాలు లెక్కపెట్టుకున్న రోజుల్లో ఫోను ఒక్కసారి మోగి ఆగిపోతే ‘క్షేమంగా ఉన్నాను’ అని కబురు. ఖర్చు లేని ఉత్తరం అది. వాట్సాప్ వచ్చాక ఆ అవసరం చాలావరకు తీరింది గాని, అలవాటు మాత్రం పోలేదు. తెలియని విదేశీ నంబరు కనిపించగానే తల్లి మనసు ఆగదు. కొడుకు ఫోను పోగొట్టుకున్నాడేమో, పక్కవాడి ఫోనులో నుండి చేశాడేమో, ఏ ఆపదలో ఉన్నాడో అనుకుంటుంది. వెంటనే ఆ నంబరుకు తిరిగి చేస్తుంది.

మోసగాడు కాచుకుని కూర్చున్నది సరిగ్గా అక్కడే. ఆశపోతులే మోసపోతారని మనం తేలికగా అనేస్తాం. లాటరీ మోసాల్లో అది కొంత నిజం కావచ్చు. ఈ తల్లిలో ఆశ ఎక్కడుంది? ఆమెను ముంచింది కన్నబిడ్డ మీద మమకారమే.

ఈ మోసానికి జపాను వారు పెట్టిన పేరు ‘వాన్‌గిరి’. ఒక్కసారి మోగించి తెంపేయడం అని దాని భావం. యంత్రాల సాయంతో వేలాది నంబర్లకు ఒక్కొక్క రింగు ఇస్తారు. ఎవరూ ఎత్తకముందే తెంపేస్తారు కనుక వారికి ఖర్చు దాదాపు ఉండదు. ఆత్రంగా మనం తిరిగి చేసిన కాల్ మాత్రం ఎక్కువ ఛార్జీ పడే విదేశీ నంబరుకు పోతుంది. ఆ ఛార్జీలో ఒక వాటా నంబరు పెట్టుకున్నవాడికి ముడుతుంది. అందుకే అవతల పాట వినిపిస్తారు, కాస్త ఆగమంటారు, ఇంకా రింగవుతున్నట్టే శబ్దం పెడతారు. మనం ఎంతసేపు చెవికి ఆనించుకుని ఉంటే వాడికి అంత లాభం. 2018లో బొలీవియా దేశపు కోడు 591తో మొదలయ్యే నంబర్ల నుండి కేరళలో ఎందరికో ఇలాంటి కాల్స్ రాగా, తిరిగి చేయవద్దని అక్కడి పోలీసులు ప్రజలను అప్రమత్తం చేశారు. 2023 మే నెలలో ఇండోనేషియా (62), వియత్నాం (84), మాలి (223), కెన్యా (254), ఇథియోపియా (251) కోడ్లతో వాట్సాప్‌లోనే దేశమంతటా మిస్డ్ కాల్స్ వచ్చాయి. వాట్సాప్ కాల్‌కు విడిగా ఛార్జీ పడదు. అక్కడ ఎర వేరు. పలికినవారికి ఇంట్లో కూర్చుని సంపాదించే ఉద్యోగమంటూ సందేశాలు మొదలవుతాయి.

ఇది హరామ్ సంపాదన అని నిరూపించడానికి పెద్ద చర్చ అక్కరలేదు. బజారులో ధాన్యపు రాశిలో చేయి పెట్టి చూసి, లోపల తడి తగలగానే దైవప్రవక్త (సఅసం) ఆ వర్తకుణ్ణి ఏమని మందలించారో, మోసం చేసేవాడికి తనతో సంబంధం లేదని ఎలా ప్రకటించారో మన పిల్లలకు కూడా తెలుసు. నేను ఇక్కడ వ్రాయదలచింది మోసగాడి గురించి కాదు. మోసం వెనకాలే బయలుదేరి, మోసం కంటే వేగంగా ఊరంతా తిరిగే హెచ్చరికల గురించి.

ఒక జుమా నాడు నమాజు ముగిశాక ఒక పెద్దాయన తన ఫోను నా చేతికి ఇచ్చారు. అందులో అందరమూ ఎప్పుడో ఒకప్పుడు చూసిన సందేశమే ఉంది. 375, 371, 381 వంటి కోడ్ల నుండి మిస్డ్ కాల్ వస్తుందట. తిరిగి చేస్తే మూడు సెకన్లలో మన ఫోనులోని నంబర్లన్నీ, బ్యాంకు వివరాలన్నీ వారు లాగేస్తారట. ఎవరైనా 90 గాని, 09 గాని నొక్కమంటే నొక్కవద్దట. నొక్కితే మన సిమ్ వారి చేతికి పోయి, మన పేరు మీద నేరాలు జరుగుతాయట. చివర, తెలిసినవారందరికీ పంపమని.

“హజ్రత్, దీన్ని మైకులో చెప్పండి. నలుగురికీ మేలు జరుగుతుంది” అన్నారాయన.

“ఎవరు పంపారు చాచా?”

“మా అల్లుడు. అతనికి ఆఫీసు గ్రూపులో వచ్చిందట.”

“అల్లుడుగారికి తెలిసినవారిలో ఎవరికైనా ఇలా జరిగిందా?”

“అదేమీ తెలియదు. అయినా చెబితే పోయేదేముంది? నిజమైతే మేలు. అబద్ధమైతే నష్టం లేదు కదా!”

ఈ చివరి మాటను కొట్టిపారేయకూడదు. నిత్యం సందేశాలు పంపే మనందరి మనసులో ఉన్న వాదన అదే. చాచా ఉద్దేశం కూడా చిన్నది కాదు. ధర్మమంటే శ్రేయోభిలాషే అని దైవప్రవక్త (సఅసం) బోధించినట్లు తమీమ్ దారీ (రజి) ఉల్లేఖించారు. సాటి ముస్లిములందరి మేలు కోరడం అందులో ఒక భాగం. మన ఫిఖహ్ గ్రంథాల్లో ఒక మస్అలా ఉంది. ఒక వ్యక్తి నమాజులో నిలబడి ఉన్నాడు. ఎదురుగా ఒక అంధుడు బావి వైపు నడుస్తున్నాడు. అప్పుడు నమాజు తెంచి అయినా సరే అతణ్ణి హెచ్చరించాలి. హెచ్చరికకు షరీఅత్ ఇచ్చిన స్థానం చూడండి. అల్లాహ్ సన్నిధిలో నిలబడిన మనిషిని కూడా అది కదిలిస్తుంది.

అయితే ఆ మస్అలాలో మనం గమనించకుండా దాటిపోయే సంగతి ఒకటుంది. నమాజు చేసే వ్యక్తికి బావి కనిపిస్తోంది. అంధుడు అటే నడవడమూ కనిపిస్తోంది. తాను కళ్ళారా చూసినదాన్ని, ఆపదలో ఉన్న మనిషికి చెబుతున్నాడు. బావి ఎక్కడో ఉందట అని ఎవరో అంటే విని, ఊళ్ళోవారందరినీ నమాజుల్లో నుండి లేపడం వేరు. చాచా చేతిలోని సందేశానికి బావీ తెలియదు, అంధుడూ తెలియడు.

బనీ ఇస్రాయీల్ సూరా 36వ ఆయతులో అల్లాహ్ మనకు తెలియని విషయం వెంట పడవద్దని ఆదేశించి, చెవి, కన్ను, హృదయం అన్నింటి గురించీ విచారణ జరుగుతుందని తెలియజేశాడు. ఫార్వర్డ్ చేసేవాడు తాను తపాలా బంట్రోతు లాంటివాణ్ణి అనుకుంటాడు. ‘వచ్చింది వచ్చినట్టు పంపుతున్నాను’ అని కింద ఒక ముక్క తగిలించి బాధ్యత దులిపేసుకుంటాడు. బంట్రోతు మూసిన కవరు తెస్తాడు, లోపలి మాటకు అతను పూచీ కాదు. మనం తెరిచి చదివి, నమ్మి, ఇది మీకూ తెలియాలి అని ఎంచి పంపుతున్నాం. అందుకునేవాడు కూడా ఆ సందేశాన్ని చూసి నమ్మడు, మన పేరు చూసి నమ్ముతాడు. కనుక మనం ఉల్లేఖకులం. హెచ్చరిక పంపడమంటే సాక్ష్యం చెప్పడమే. విన్న ప్రతి సంగతినీ చెప్పుకుంటూ పోయేవాడు అబద్ధీకుడుగా లెక్కించబడటానికి ఆ ఒక్క అలవాటే చాలునన్న భావంతో దైవప్రవక్త (సఅసం) హెచ్చరించినట్లు సహీహ్ ముస్లిం ముందుమాటలోనే ఉంది. తాను కల్పించకపోయినా సరే అన్నది అందులోని అసలు విషయం.

మంచి ఉద్దేశంతో చెప్పాను కదా అనేవారికి మదరసాలో హదీసు శాస్త్రం చదివేటప్పుడు మాకు మొదట్లోనే చెప్పిన రెండు సంగతులు చెబుతాను. నూహ్ బిన్ అబీ మర్యమ్ అనే పండితుడు ఖుర్ఆన్‌లోని సూరాల మహిమలంటూ హదీసులు కల్పించాడని గ్రంథాలు చెబుతాయి. ఎందుకలా చేశావంటే, ప్రజలు ఖుర్ఆన్‌ను విడిచి ఫిఖహ్ చర్చల్లో, యుద్ధగాథల్లో మునిగిపోతున్నారని, వారిని తిరిగి ఖుర్ఆన్ వైపు మళ్ళించడానికే చేశానన్నాడట. అంతకంటే మంచి ఉద్దేశం ఏముంటుంది? అయినా హదీసువేత్తలు అతణ్ణి క్షమించలేదు. అబద్ధాలు కల్పించేవారి జాబితాలో అతని పేరు నేటికీ ఉంది. ఇక రెండోది. ధర్మపరాయణులు మరెందులోనూ పలకనన్ని అబద్ధాలు హదీసుల విషయంలో పలకడం చూశామని యహ్యా బిన్ సయీద్ అల్ ఖత్తాన్ (రహ్మ) అన్నారు. దానికి ఇమామ్ ముస్లిం (రహ్మ) వివరణ ఇస్తూ, వారు కావాలని అబద్ధమాడరు, అబద్ధం వారి నాలుక మీద నడిచిపోతుంది అన్నారు. పన్నెండు వందల ఏళ్ళ నాటి ఈ వివరణ మన మస్జిదుల గ్రూపులను చూసి వ్రాసినట్టే ఉంటుంది. మంచివాళ్ళు సాటివారిని అనుమానించరు. అందుకే వారి ద్వారా అబద్ధం సాఫీగా ప్రయాణిస్తుంది.

మన ఇళ్ళల్లో ఫోన్లు లేని కాలంలో కూడా ఈ వ్యాధి ఉంది. మదీనాలో పవిత్ర సమాధి సేవకుడైన షేక్ అహ్మద్‌కు కల వచ్చిందని, ఆ వసీయత్‌నామాను అచ్చు వేయించి పంచితే ఐశ్వర్యం, కాదంటే అరిష్టం అని కరపత్రాలు ఉర్దూలోనూ, తెలుగులోనూ తిరిగాయి. సౌదీ పండితుడు షేక్ ఇబ్న్ బాజ్ (రహ్మ) అది పచ్చి అబద్ధమని ప్రత్యేకంగా ఖండన వ్రాయవలసి వచ్చింది. ‘పంపకపోతే పాపం’ అని భయపెట్టే మాట ఎక్కడ కనిపించినా అక్కడ ఆగాలని ఆ కరపత్రాలే మనకు నేర్పి ఉండాల్సింది.

మరి ‘అబద్ధమైతే నష్టం లేదు కదా’ అన్న మాటకు వద్దాం. నష్టం ఉంది. ముందు చాచా సందేశాన్నే పరిశీలిద్దాం. అందులో కొంత నిజం ఉంది. ఆ కోడ్లలో 375 బెలారస్‌ది, 371 లాత్వియాది, 381 సెర్బియాది; అలాంటి దేశాల నంబర్ల నుండి ఒక్క రింగు ఇచ్చే మోసం ఉన్నమాట వాస్తవం. కాని ఒక నంబరుకు ఫోన్ చేసినంత మాత్రాన మన ఫోనులోని పేర్లు, బ్యాంకు వివరాలు అవతలివాడికి పోవు. పోయేది ఆ కాల్ ఛార్జీ. మన బ్యాలెన్సులో ఎంత ఉంటే అంత. ఇక 90 నొక్కే సంగతి అమెరికాలో ఎప్పుడో ఆఫీసుల్లోని ఒక రకం ఎక్స్‌చేంజి ఫోన్లకు సంబంధించినది. మన సెల్‌ఫోన్లతో దానికి సంబంధం లేదు.

ఇప్పుడు దీని ఫలితం చూడండి. ఊరంతా 90కి భయపడింది. అదే సమయంలో నిజమైన ప్రమాదం వేరే అంకెల్లో ఉంది. మీ సిమ్‌లో లోపముందని, కొరియరు వచ్చిందని చెప్పి *401* కొట్టి పక్కన ఒక నంబరు వేసి డయల్ చేయమంటారు. అలా చేస్తే మనకు రావలసిన కాల్స్ అన్నీ ఆ నంబరుకు మళ్ళిపోతాయి. బ్యాంకు ఫోన్ చేసి చెప్పే ఓటీపీ కూడా వాడికే వినిపిస్తుంది. దీని మీద కేంద్ర టెలికాం శాఖ ప్రజలను హెచ్చరించింది. ఇలా కోడు కొట్టి కాల్స్ మళ్ళించే సదుపాయాన్ని 2024 ఏప్రిల్ 15 నుండి నిలిపివేయాలని కంపెనీలను ఆదేశించింది. ఈ హెచ్చరిక ఎన్ని గ్రూపుల్లో తిరిగింది? అబద్ధపు హెచ్చరిక లేని తలుపుకు తాళం వేయిస్తుంది. మనిషి తాళం వేశాను కదా అని నిద్రపోతాడు.

అంతకంటే పెద్ద నష్టం కూడా ఉంది. 2018 వేసవిలో పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు దిగాయంటూ తెలుగు జిల్లాల్లో వాట్సాప్ హెచ్చరికలు పోటెత్తాయి. అవన్నీ పిల్లల మీద ప్రేమతో తల్లిదండ్రులు పంపుకున్నవే. మే 26వ తేదీ రాత్రి, అదీ రమజాన్ నెలలో, హైదరాబాదు చాంద్రాయణగుట్టలో భిక్షాటనకు వచ్చిన హిజ్రాలను ఆ ముఠాగా అనుమానించి గుంపు రాళ్ళతో కొట్టింది. ఒక ప్రాణం పోయింది. జూలై 13న, శుక్రవారం నాడు, కర్ణాటకలోని బీదర్ జిల్లా ముర్కీ గ్రామం వద్ద హైదరాబాదుకు చెందిన ఒక ముస్లిం యువ ఇంజనీరును గుంపు కొట్టి చంపింది. అతనూ స్నేహితులూ దారిలో పిల్లలకు చాక్లెట్లు పంచారు. ఆ మాట మీద ‘పిల్లల దొంగలు, కారు ఇటే వస్తోంది’ అని సందేశం పాకింది. కారు చేరేలోపు ముర్కీలో జనం గుమిగూడి ఉన్నారు. పోలీసులు అరెస్టు చేసినవారిలో వాట్సాప్ గ్రూపు నడిపినవాడు కూడా ఉన్నాడు. ఆ సాయంత్రం సందేశం పంపిన ప్రతివాడూ ‘నిజమైతే మేలు, అబద్ధమైతే నష్టం లేదు’ అనే అనుకుని ఉంటాడు. ఆ నెలలోనే వాట్సాప్ మన దేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి ఐదు చోట్లకు మించి పంపకుండా కట్టడి పెట్టింది. హుజురాత్ సూరా 6వ ఆయతులో ‘విచారించుకోండి’ అన్న ఆజ్ఞకు కారణంగా అల్లాహ్ చెప్పినది కూడా ఇదే. తెలియక ఒక జనసమూహానికి హాని చేసి, తర్వాత పశ్చాత్తాపపడే స్థితి రాకూడదని. బనూ ముస్తలిఖ్ తెగ జకాత్ ఇవ్వకుండా ఎదురు తిరిగిందన్న తప్పుడు కబురు యుద్ధం దాకా తీసుకువెళ్ళబోయిన సందర్భం అది.

ఆపద వేళ విచారణకు సమయం ఎక్కడుంటుంది అని అడగవచ్చు. మదీనాలో ఒక రాత్రి పెద్ద శబ్దం వినబడి ప్రజలు భయపడ్డారు. శబ్దం వచ్చిన వైపు బయలుదేరిన వారికి దైవప్రవక్త (సఅసం) ఎదురువచ్చారు. అబూ తల్హా (రజి) గారి గుర్రంపై, జీను కూడా వేయకుండా, మెడలో ఖడ్గంతో అందరికంటే ముందే వెళ్ళి చూసి తిరిగి వస్తున్నారు. భయపడవలసింది ఏమీ లేదని ప్రజలకు చెప్పారు. ముందు తానే వెళ్ళి చూశారు, తర్వాతే మాట్లాడారు. ఆయన తమ సతీమణులకు తలాక్ ఇచ్చారని మస్జిదులో జనం చెప్పుకుంటూ ఉంటే ఉమర్ (రజి) కూడా ఆ మాటను మరొకరికి చేరవేయలేదు. నేరుగా వెళ్ళి ఆయన్నే అడిగారు. కాదని తెలుసుకుని, మస్జిదు ద్వారం దగ్గర నిలబడి బిగ్గరగా ప్రకటించారు. భయం కలిగించే కబురు వస్తే దాన్ని చాటకుండా తెలిసినవారి వద్దకు తీసుకువెళ్ళాలని నిసా సూరా 83వ ఆయతు చెబుతుంది. మన చాచాకు అంత దూరం పోవలసిన పని లేదు. నంబర్ల విషయం సామర్లకోటలో సిమ్‌లు అమ్మే కుర్రవాణ్ణి అడిగినా సగం చెబుతాడు.

అలాగని నోరు మూసుకుని కూర్చోవడం దీనికి మందు కాదు. నిజమైన హెచ్చరికలు మన మధ్య తిరగకపోవడానికి ఒక కారణం ఉంది. దాని గురించి ఖుత్బాల్లో మనం తగినంతగా మాట్లాడటం లేదు. డబ్బు పోగొట్టుకున్నవారు చెప్పుకోరు. చెబితే నవ్వుతారు. ‘ఇంత చదువుకుని ఆ మాత్రం తెలియదా?’ అంటారు. కోడలు పోగొట్టుకుంటే అత్తగారికి, తండ్రి పోగొట్టుకుంటే కొడుక్కి తెలియనివ్వరు. అందువల్ల ‘నాకు ఇలా జరిగింది’ అనే, సనద్ గట్టిగా ఉన్న హెచ్చరిక గడప దాటదు. ఎవరికి జరిగిందో తెలియని హెచ్చరిక మాత్రం రోజుకు పదిసార్లు వస్తుంది. హేళన చేయవద్దని హుజురాత్ సూరా 11వ ఆయతులో అల్లాహ్ నిషేధించాడు. మోసపోయినవారిని చూసి నవ్వే ఇల్లు ఆ ఆజ్ఞను మీరడమే గాక, తనకు అందవలసిన సమాచారాన్ని కూడా పోగొట్టుకుంటుంది. బ్యాంకు ఖాతాలో డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేస్తే, అది వేరే ఖాతాలకు దాటకముందే ఆపగలిగే అవకాశం ఉంటుంది. సిగ్గుతో గడిపిన ప్రతి గంటా మోసగాడికి లాభం.

మొదట చెప్పిన తల్లికి మనం చేయగల మేలు కూడా చిన్నదే. కొడుకు ఉన్న దేశపు కోడు ఒక కాగితం మీద వ్రాసి ఫోను వెనక అంటించాలి. సౌదీ 966, కువైట్ 965, ఎమిరేట్స్ 971, ఖతర్ 974, బహ్రెయిన్ 973, ఒమన్ 968. వేరే కోడు కనిపిస్తే తిరిగి చేయకుండా, కొడుకు మామూలు నంబరుకే ‘నువ్వేనా చేసింది?’ అని వాయిస్ మెసేజి పెట్టమనాలి. పక్కన కూర్చుని ఒకసారి చేయించాలి. దీన్ని రెండు వందల మందికి పంపడం సులువు. ఒక్క తల్లి పక్కన పావుగంట కూర్చోవడమే కష్టం.

ఇంతకుముందే పంపేసినవారి సంగతి ఏమిటని చాచా అడిగారు. తన గ్రూపులో ఆ సందేశం అప్పటికే వెళ్ళిపోయిందట. ఫిఖహ్ దృష్టిలో ఒకరి డబ్బు పోతే దాని పరిహారం నేరుగా మోసం చేసినవాడి మీద పడుతుంది గాని, తెలియక మాట చేరవేసినవాడి మీద పడదు. కాని అతని తౌబా ‘అస్తగ్‌ఫిరుల్లాహ్’ అనడంతోనే పూర్తి కాదు. బఖరా సూరా 160వ ఆయతులో తౌబాతో పాటు దిద్దుబాటు, విషయాన్ని విశదపరచడం కూడా ప్రస్తావించబడ్డాయి. సత్యాన్ని దాచినవారి గురించి వచ్చిన ఆయతు అయినా, అసత్యాన్ని వ్యాపింపజేసినవారికి కూడా దారి అదే. ఏ గ్రూపులో పంపామో ఆ గ్రూపులోనే, మన పేరుతోనే, నిన్నటి మాట సరైనది కాదు, విచారిస్తే తెలిసినది ఇది అని వ్రాయాలి. అక్కడి నుండి ఇంకెక్కడికో వెళ్ళిపోయినది మన చేతిలో లేదు. దానికి అల్లాహ్ మన్నింపు కోరుకోవాలి. చాచా నా పక్కనే మస్జిదు మెట్ల మీద కూర్చుని, ఉర్దూలో టైపు చేయడం రాక, తెలుగులో మూడు వాక్యాలు నా చేత వ్రాయించి, కింద తన పేరు వేయించి పంపారు.